గూటి నుంచి షోకేసు దాకా: తెలుగింటి అలంకరణ చరిత్ర

తెలుగునాట ఇంటి అలంకరణ చాలాకాలం గదుల చుట్టూ కాక గడప చుట్టూ తిరిగింది. వాకిట్లో ముగ్గు, గుమ్మానికి మామిడాకుల తోరణం, పసుపు రాసిన గడప మీద కుంకుమ బొట్లు, గోడ అడుగున జాజు పట్టె, దీపం పెట్టే గూడు. అలంకరించే చోట్లు ఇవీ అని ఊరందరికీ తెలుసు, ఏ చోట ఏం చేయాలో కూడా తెలుసు. కోస్తాలో కళ్లాపి అన్నా, తెలంగాణలో సాన్పి అన్నా తెల్లవారకముందే పేడనీళ్లు చల్లి ముగ్గు వేయడం ఒక్కటే. ఈ ఇల్లాలికి ఎరుపు ఇష్టం, ఆ ఇంటాయనకు నీలం ఇష్టం అన్న లెక్క అందులో లేదు. ఇంటికీ ఇంటికీ తేడా చేతివాటంలో ఉండేది. ఒకరి ముగ్గులో గీత సన్నగా సాగుతుంది, మరొకరిది ముద్దగా పడుతుంది. చూసేవాళ్లు మెచ్చుకునేది ఆ చేతినే.

పాత ఇంట్లో గదుల పేర్లు చూస్తే దీనికి కారణం తెలుస్తుంది. దేవుడి గది, కొట్టు గది, పురిటి గది, వంటిల్లు, పడసాల, వసారా. అన్నీ పనిని బట్టి వచ్చిన పేర్లే. ఫలానా మనిషి గది అంటూ ఒకటి ఉండటం అరుదు. పిల్లలు ఎక్కడ చాప దొరికితే అక్కడ పడుకునేవారు. పెద్దవాళ్ల మంచం ఎండాకాలం అరుగు మీదికి, వానాకాలం వసారాలోకి మారేది. మనిషికంటూ గది లేనప్పుడు ఆ మనిషి అభిరుచికి గోడ దొరకదు.

గోడ రంగు కూడా కాలం చెప్పినట్టు మారేది. సంక్రాంతికో, దసరాకో, ఇంట్లో పెళ్లికో వెల్ల వేసేవారు. రాతి సున్నం బానలో వేసి నీళ్లు పోస్తే బుసబుసమని ఉడికేది. చల్లారాక వడగట్టి, గోడకు పట్టడానికి కాస్త బంక, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలిపేవారు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో గుల్లలు కాల్చి తీసిన సున్నం వాడేవారు, దాని తెలుపు వేరు. కలిగిన ఇళ్లలో గానుగలో ఆడించిన సున్నానికి బెల్లం, కరక్కాయ నీళ్లు చేర్చి గోడను అద్దంలా నునుపు దేల్చేవారు. పేదింట్లో మట్టిగోడను ఎర్రమన్నుతో అలికి, దాని మీద సున్నంతో చుక్కలు, నిలువు గీతలు పెట్టేవారు. గోడ అడుగున మూరెడు ఎత్తున వేసే జాజు పట్టె అందానికే కాదు, వానకు చిందిన మట్టి దాని మీద అంతగా కనిపించదు. తెలుగింటి అలంకరణలో సగం ఇలా అవసరానికి పక్కనే పుట్టిందే.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లలో గోడకు మూలలే లేవు. తుపాను గాలి చుట్టూ జారిపోయేందుకు కట్టిన గుండ్రటి మట్టి ఇళ్లవి. అక్కడ లోపలి అలంకరణ అంటే మట్టితోనే గోడకు కలిపి పెట్టిన అరలు, ఆ అరల్లో తోమి బోర్లించిన ఇత్తడి సామాను వరసలు. చీకటి ఇంట్లో గుమ్మంలోంచి వచ్చిన కాస్త వెలుతురు ఆ బిందెల మీదే పడి మెరుస్తుంది. శ్రీకాకుళం ఏజెన్సీలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఒడిశా కొండల్లోనూ సవరల ఇళ్లలో పద్ధతి మరొకటి. ఎర్రమట్టి పూసిన లోపలి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో మనుషులు, ఏనుగులు, చెట్లు, పల్లకీలు గీస్తారు. ఆ బొమ్మ ఎవరో ఒక దేవతకో, చనిపోయిన పెద్దకో చెందుతుంది. వాళ్లు కలలో ఏమడిగారో దాన్నిబట్టి గీస్తారు. తెలుగు సీమలో ఒక వ్యక్తి కోరిక మేరకు గోడను అలంకరించడం అనే మాటకు బహుశా ఇదే పాత ఉదాహరణ. కాకపోతే ఆ వ్యక్తి బతికి ఉన్నవాడు కాడు.

గదిని తన ఇష్టప్రకారం చిత్రాలతో నింపుకునే వీలు రాజులకూ, వారి చుట్టూ ఉన్న కొద్దిమందికీ మాత్రమే ఉండేది. 15వ శతాబ్దపు తొలినాళ్లదిగా చెప్పే ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభ సెట్టి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ మాచల్దేవి ఇంటికి వెళ్తారు. ఆమె ప్రతాపరుద్రుడి వేశ్య. ఆ రోజు ఆమె కట్టించుకున్న చిత్రశాలకు గృహప్రవేశం. గోడల మీద దారుకావనంలో శివుడు, గోపికలతో కృష్ణుడు, అహల్య దగ్గర ఇంద్రుడు, తారతో చంద్రుడు, మేనకతో విశ్వామిత్రుడు. ఆ కథలన్నీ కలిపి చూస్తే ఎంపిక యాదృచ్ఛికం కాదని తెలుస్తుంది. దేవుళ్లూ మునులూ ఆడదాని ముందు నిలవలేకపోయిన ఘట్టాలన్నీ ఏరి ఒక్కచోట పెట్టించింది. ఇల్లు ఎవరిది, వచ్చేవారు ఎవరు అన్నది గోడే చెబుతోంది. ఒకే అంశం మీద గదిని తీర్చిదిద్దడం అనే ఆలోచనకు తెలుగులో ఇంతకంటే స్పష్టమైన పాత సాక్ష్యం దొరకడం కష్టం. కావ్యంలోని వర్ణనను యథాతథంగా చరిత్ర అనుకోనక్కర్లేదు. అయినా అలాంటి గదిని ఊహించగలిగిన కవీ, వింటూ నవ్వుకోగలిగిన పాఠకులూ ఆనాడు ఉన్నారు.

వందేళ్ల తర్వాత, 1520 ప్రాంతంలో, గుర్రాల వ్యాపారులతో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్ విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయల అంతఃపురంలో కొంత భాగం చూశాడు. ఒక గది నిండా ఏనుగు దంతమే. గోడలు, కంబాలు, పైన దూలాల మీద చెక్కిన గులాబీలు, తామరలు అన్నీ దంతంతోనే. మరోచోట వెండి గొలుసులతో గాలిలో వేలాడదీసిన మంచం, దాని కోళ్లు బంగారు కడ్డీలు. ఇంకో గోడ మీద ఆ రాజ్యానికి వచ్చిన రకరకాల దేశాల వాళ్లు ఎలా బతుకుతారో బొమ్మలుగా వేసి ఉంది. పోర్చుగీసు వాళ్లూ ఉన్నారు, గుడ్డివాళ్లూ బిచ్చగాళ్లూ కూడా ఉన్నారు. గడప దాటి వెళ్లని రాణులు లోకం తీరు తెలుసుకోవడానికి వాటిని వేయించారని పాయెస్ రాశాడు. దంతపు గది సంపదను చూపిస్తుంది. బొమ్మల గోడ మాత్రం అక్కడ ఉండే ఆడవాళ్లను మనసులో పెట్టుకుని వేసింది.

సామాన్యుల ఇంట్లో ఇంకా వెల్ల గోడే ఉన్న 17వ శతాబ్దంలో తెలుగు చేతులు దూరదేశపు పడకగదులను తీర్చిదిద్దడం మొదలుపెట్టాయి. గోల్కొండ రాజ్యానికి రేవు మచిలీపట్నం. డచ్చివారి తర్వాత 1611లో ఇంగ్లీషువారు అక్కడ కొఠీ పెట్టారు. వారికి కావలసిన సరుకుల్లో ముఖ్యమైనది రంగులద్దిన నూలుబట్ట. ఇక్కడివాళ్లు దాన్ని అద్దకం అనేవారు, పర్షియా మాటల్లో కలంకారీ, యూరపులో చింట్జ్. మంచం మీద పరిచే పెద్ద దుప్పటి పలంగ్‌పోష్ ఇంగ్లీషు నోట్లో పాలంపోర్ అయింది. దాని మీద మామూలుగా ఉండే బొమ్మ ఒకటే: రాళ్లగుట్ట మీంచి పైకి లేచి కొమ్మకొమ్మకూ వేరే పువ్వు పూసే చెట్టు. అలాంటి చెట్టు భూమ్మీద ఎక్కడా లేదు.

ఆ బట్ట తయారీ చూసిన యూరపువాళ్లకు ముందు అర్థమయ్యేది కాదు. నేత బట్టను పేడనీటిలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ తడిపి తెల్లబరచాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచితే వేసిన గీత పాకకుండా నిలుస్తుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెడితే వచ్చే కసిమి కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లగా మారుతుంది. అది నల్ల గీత. ఎరుపు కావలసిన చోట పటిక నీటితో గీస్తారు, అప్పటికి అక్కడ రంగేమీ కనిపించదు. బట్టను చిరివేరుతో కాచినప్పుడే పటిక పడిన చోటల్లా ఎరుపు లేస్తుంది. నీలం వేయాలంటే మిగతా బట్టంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచాలి, మైనం కరిగించి తీసేయాలి. పసుపు రంగు ఆఖరున కుంచెతో. మధ్యమధ్య ఎన్నిసార్లు పారే నీటిలో ఉతకాలో లెక్కే లేదు. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరు మంచి ఎరుపునిస్తుందని పేరు. ఉతికేకొద్దీ వెలిసిపోయే రంగులకు అలవాటు పడిన యూరపుకు, ఉతికినా పోని ఈ ఎరుపు పెద్ద వింత.

లండన్‌లో నౌకాదళ అధికారి సామ్యూల్ పీప్స్ 1663 సెప్టెంబరు డైరీలో, భార్య కొత్త చదువుగది గోడలకు కప్పడానికి ఇండియా రంగుబట్ట కొన్నట్టు రాసుకున్నాడు. గది ఆమెది, బట్ట ఆమె కోసం. ఒక మనిషి గదికి ఆ మనిషి కోసం ఏరి తెచ్చిన అలంకరణ. అది ఏ ఊళ్లో తయారైందో పీప్స్ రాయలేదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1643లో, లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు ఇండియాలోని తమ ఉద్యోగులకు రాసిన ఉత్తరంలో ముదురు ఎరుపు నేల మీద వేసిన దుప్పట్లు అక్కడ అంతగా నడవడం లేదనీ, నేల తెల్లగా ఉంచి నడుమ పూలకొమ్మలు వేయించమనీ కోరారు. తర్వాత్తర్వాత నమూనా కాగితాలే ఓడల్లో వచ్చేవి. కోరమండల్ తీరపు పనివాడు చైనా వెదురు, డచ్చి తోటపువ్వు ఎప్పుడూ చూసి ఉండడు. అయినా కాగితం చూసి వేసేవాడు. అలా పుట్టిన పువ్వుకు ఏ దేశపు పోలికా పూర్తిగా రాలేదు. ఆ బట్టల అందం అందులోనే ఉంది.

ఈ మోజు యూరపు నేతగాళ్లకు గిట్టలేదు. ఫ్రాన్స్ 1686లోనే రంగుబట్టలను నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతిని కట్టడి చేసి, అదీ చాలక 1721 చట్టంతో ఒంటి మీదే కాదు, ఇంట్లో పరుపులకూ కుర్చీలకూ కూడా రంగులద్దిన నూలుబట్ట వాడకూడదని శాసించింది. పడకగది తెర మీద పార్లమెంటు చట్టం చేయడం చరిత్రలో తరచు జరిగే పని కాదు. 1770లలో ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ భార్య మంచానికి వచ్చిన కోరమండల్ తెరలను సుంకం అధికారులు పట్టుకుపోయారు. ఆ మంచం ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. నిషేధాల చాటున అచ్చు యంత్రాలు నేర్చుకున్న మాంచెస్టరు, 19వ శతాబ్దం వచ్చేసరికి అదే పువ్వును యంత్రం మీద అచ్చువేసి ఇండియాకే అమ్మింది. మచిలీపట్నం అద్దకం పెడనలో చెక్క అచ్చుల మీద బతికింది. చేత్తో గీసే పద్ధతి శ్రీకాళహస్తిలో గుడి తెరలుగా మిగిలింది.

తూర్పు తీరంలో మరో రేవు విశాఖపట్నం. 18వ శతాబ్దం నడిమికి అక్కడి వడ్రంగులు నల్లచెక్క మీద ఏనుగు దంతం పొదిగి బీరువాలు, కుర్చీలు, అద్దాల చట్రాలు, తేయాకు పెట్టెలు చేసి కంపెనీ దొరలకు అమ్మేవారు. దంతం మీద సన్నటి గీతలు చెక్కి ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవారు. ఆకారం ఇంగ్లీషు పుస్తకంలోది, దాని అంచున పాకే పూలతీగ అద్దకపు బట్ట మీదిది. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శన దాకా వెళ్లాయి. ఏలూరు తివాచీలకూ బయట పేరుండేది. నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దం మధ్యలో మిషనరీలు నేర్పిన అల్లిక గోదావరి పల్లెల్లో పెద్ద కుటీర పరిశ్రమగా మారింది. బల్ల గుడ్డ, కుర్చీ వీపు గుడ్డ, దిండు గలేబు, పళ్లెం కింది గుండ్రటి అల్లిక, అన్నీ పరదేశపు డ్రాయింగు రూముల కోసమే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ అల్లిక స్త్రీల మీద 1982లో పుస్తకం ప్రచురించింది. ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి వాళ్లను కూలీలుగా ఎవరూ లెక్కవేయరన్నది ఆమె చూపిన ముఖ్య విషయం. అల్లిన గుడ్డ పరిచే బల్ల ఆ ఇళ్లలో చాలావాటికి లేనే లేదు. 2024లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సొంత ఇంటి మీద ఖర్చు పెట్టే స్తోమత తెలుగు పల్లెకు డెల్టాలో వచ్చింది. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను వరిపొలంగా మార్చింది. వరి డబ్బు ఇళ్లలోకి పారింది. రంగూన్ రేవు నుంచి బర్మా టేకు దిగింది. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ నగిషీ స్తంభాలు, వానపడితే నాలుగువైపుల నుంచి నీళ్లు జారే చూరు, పైన బంగాళా పెంకులు. మండువా లోగిలి కట్టడం మోతుబరి అన్నదానికి గుర్తయింది. అలంకరణ అంతా చెక్కలో పడింది. ద్వారబంధం మీద గజలక్ష్మి, తలుపు రెక్కల మీద పద్మాలు, దూలం కొసన హంస, గోడలోకి దిగ్గొట్టిన చిలక కొయ్య. చొక్కానో ఉత్తరీయమో తగిలించుకునే కొయ్యకు చిలక తల ఎందుకు చెక్కాలో అడిగితే వడ్రంగి దగ్గర జవాబుండదు. కొయ్య అంటే అలాగే ఉండాలి. పడసాలలో ఉయ్యాలబల్ల, పెద్దగదిలో పందిరిమంచం, మూలన భోషాణం. ఇంటి పెద్ద ఇష్టం ఎక్కడైనా కనిపిస్తే ఉయ్యాలబల్ల ఇత్తడి గొలుసుల్లో కనిపించేది. గుర్రాలు, చిలకలు, ఏనుగులు కూర్చిన గొలుసులు కావాలని చేయించుకునేవారు.

హైదరాబాదులో దారి వేరు. దేవిడీలనే ప్రభువుల భవంతుల్లో మగవారి దివాన్‌ఖానా, ఆడవారి జనానా వేర్వేరు భాగాలు, వేర్వేరు అలంకరణలు. పాయిగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి దాదాపు పదేళ్లు కట్టించిన ఫలక్‌నుమా భవంతిలో ఒక్కో గదిదీ ఒక్కో వేషం. పచ్చరాతి వస్తువుల కోసం ఒక గది, బిలియర్డ్స్‌కు ఒకటి, ఇంగ్లండ్ విండ్సర్ కోట గ్రంథాలయం పోలికలో చెక్క కప్పుతో గ్రంథాలయం, 101 మంది వరసగా కూర్చునే బల్లతో భోజనశాల. 1897 ప్రాంతంలో అది ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వెళ్లింది. గది గదికీ వేరే దేశాన్ని తెచ్చి పెట్టుకునే ఆ ధోరణికి అలంకరణ కంటే సేకరణ అన్న పేరే ఎక్కువ నప్పుతుంది. మూడవ సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్ దివాన్ దేవిడీలో పోగుచేసిన వస్తువులు ఆయన పోయాక 1951 డిసెంబరులో ఏకంగా మ్యూజియమే అయ్యాయి.

మామూలు తెలుగింటి లోపలి గోడను నిజంగా మార్చింది రాజులూ జమీందార్లూ కాదు, అచ్చు కాగితం. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో రాతిఅచ్చు ముద్రణాలయం పెట్టాడు. కొన్నేళ్లకు అది లోనావ్లా దగ్గర మళవలికి మారింది, ఆపై జర్మన్ సాంకేతికుడు ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి వెళ్లింది. తామరపువ్వులో నిలబడ్డ లక్ష్మి, వీణతో సరస్వతి కొద్ది అణాలకు దొరకసాగాయి. అంతకుముందు తంజావూరు పటాలు ఉండేవి. నాయకరాజుల కాలం నుంచి అక్కడ స్థిరపడిన తెలుగు రాజు కుటుంబాలు బంగారు రేకు, రాళ్లు పొదిగి చేసిన ఆ పటాలు కలవారికే అందేవి. రవివర్మ పటం అందరికీ అందింది. కొన్నవాళ్లు ఊరుకోలేదు. అచ్చుబొమ్మ లక్ష్మికి చమ్కీలు కుట్టి, పట్టుగుడ్డ ముక్కతో చీర అంటించి, మెడలో పూసలు పెట్టి అప్పుడు అద్దం బిగించేవారు. ఒకే అచ్చులో వేలుగా దిగిన బొమ్మ ఆ ఇంటి బొమ్మ అయ్యేది. తెలుగింట్లో అలంకరణ సొంత అభిరుచికి తొలిసారి లొంగింది ఇక్కడే అనుకోవచ్చు.

ఫోటో కూడా దాదాపు ఆ కాలంలోనే గోడెక్కింది. హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాం దర్బారు ఫోటోగ్రాఫరుగా 1880లలోనే స్టూడియో నడిపాడు. జిల్లా పట్టణాలకు ఫోటో స్టూడియో చేరడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. పడసాల గోడకు పైన, దాదాపు దూలాల కింద, పటాలన్నీ ఒకే వరసలో మేకులకు కట్టేవారు. పై అంచు గోడకు దూరంగా, కింది అంచు గోడకు ఆనించి, ముందుకు వంచి. నేల మీద చాప వేసుకుని కూర్చున్నవారికి తలెత్తితే బొమ్మ సరిగ్గా కనిపించే వంపు అది, అద్దం మీద వెలుతురు కొట్టని వంపు కూడా. కుర్చీలు వచ్చాక పటాలు గోడకు అతుక్కున్నాయి, తర్వాత కంటి ఎత్తుకు దిగాయి. పటం వెనక పిచ్చుక గూడు పెట్టడం ఆ పాత ఇళ్లలో మామూలు. వెల్ల వేసే రోజున పటాలు దింపితే గోడ మీద చదరపు గుర్తులు మిగిలేవి. మళ్లీ ఆ పటాలు ఆ గుర్తుల మీదికే ఎక్కేవి.

స్వదేశీ కాలంలో చదువుకున్నవారి ఇంట ఇంకో రకం బొమ్మ వచ్చింది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాలు పద్ధతి నేర్పాడు. అక్కడే చదివిన అడివి బాపిరాజు తర్వాత ప్రిన్సిపాలుగా వచ్చాడు. రాజమండ్రిలో దామెర్ల రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసేలోపు గోదావరి ఒడ్డు జీవితాన్ని తనదైన గీతలో పెట్టాడు. ఆ చిత్రాలు గ్యాలరీకి వెళ్లాయి, జనం గోడల మీదికి అంతగా రాలేదు. గోడ మీదికి వచ్చినవి పత్రికల ముఖచిత్రాలు. వడ్డాది పాపయ్య చందమామకు, యువకు వేసిన బొమ్మలను జాగ్రత్తగా కత్తిరించి ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు ఎన్నో. ఆ తర్వాత బాపు బొమ్మ వచ్చింది. పెద్దకళ్ల, వాలుజడ అమ్మాయి ముందు గదిలో ఉంటే ఆ ఇంట పుస్తకాలు చదువుతారని వచ్చినవారు ఇట్టే పట్టేసేవారు. వీటి పక్కనే శివకాశి క్యాలెండరు. కోవిల్‌పట్టిలో కొండయ్య రాజు, ఆయన శిష్యులు వేసిన మురుగన్, లక్ష్మి బొమ్మల కింద ఊళ్లోని బట్టల కొట్టు పేరు. ఏడాది గడిచినా దేవుడి బొమ్మ చింపలేక దాని మీదే కొత్తది తగిలించేవారు. ఒక్కో మేకుకు అయిదారేళ్ల దేవుళ్లు వేలాడేవారు.

1950ల తర్వాత సిమెంటు శ్లాబు వచ్చి ఇంటి లోపలి లెక్కలు మార్చింది. మండువా పోయి హాలు వచ్చింది. వచ్చినవారిని అరుగు మీదే కూర్చోబెట్టే రోజులు పోయి, లోపలి గదే చూపుకు వేదిక అయింది. నేలకు నాపరాళ్లు, ఆపై ఎర్ర సిమెంటు గచ్చు, ఆపై మొజాయిక్. ఎర్ర గచ్చు మీద వంటింటి గుమ్మంలో తెల్ల పెయింటుతో చెరగని ముగ్గు వేయించుకోవడం ఆ కాలపు ముచ్చట. గోడకు సున్నం స్థానంలో డిస్టెంపరు. 1942లో బొంబాయిలో పుట్టిన ఏషియన్ పెయింట్స్‌కు ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు అనే కుర్రాడు చేతిలో కుంచెతో ఊరూరా గోడల మీద కనిపించాడు. దుకాణంలో షేడ్ కార్డు తెరిచాక మొదటిసారిగా ఇంట్లో వాదన మొదలైంది. ఏ గదికి ఏ రంగు? వెల్ల వేసే రోజుల్లో ఆ ప్రశ్నకు చోటే లేదు. ముందు గదికి లేత గులాబీ, పడకగదికి లేత ఆకుపచ్చ, వంటింటికి మరక కనపడని రంగు. చాలా ఇళ్లలో తండ్రి ఒక రంగు చెప్పేవాడు, పిల్లలు ఇంకోటి అడిగేవారు, చివరికి మేస్త్రీ దగ్గర మిగిలిన డబ్బాలో రంగే పడేది.

ఆ హాలుకు ముఖం షోకేసు. గోడలోనే అరలు కట్టి అద్దం తలుపులు పెట్టిన ఆ బీరువాలో తెలుగు చేతిపనులన్నీ ఒక్కచోట చేరాయి. కృష్ణాతీరపు కొండపల్లి నుంచి పొనికి చెక్క అంబారీ ఏనుగు, దశావతారాలు. వరాహ నది ఒడ్డు ఏటికొప్పాక నుంచి అంకుడు కర్ర మీద లక్కరంగు పూసిన బొమ్మలు. నిర్మల్ నుంచి నల్ల నేల మీద బంగారు వన్నె గీతల పటం. తిరుపతి నుంచి ఎర్రచందనం వెంకటేశ్వరుడు. తలాడించే తంజావూరు బొమ్మ. వీటి మధ్య పిల్లవాడి స్కూలు కప్పు, ఆగ్రా నుంచి తెచ్చిన తాజ్‌మహల్, ఎవరో పెళ్లికిచ్చిన గడియారం. పైకి గందరగోళంలా కనిపించే ఆ అరలు ఇంటివాళ్ల యాత్రలకూ, చుట్టరికాలకూ వరస తప్పని చిట్టా. సంక్రాంతికో దసరాకో మెట్ల మీద పేర్చి మళ్లీ పెట్టెలో దాచే బొమ్మల కొలువు బొమ్మలు కొన్ని ఈ షోకేసుతోనే ఏడాది పొడవునా బయట ఉండిపోయాయి. కొలువు పెట్టే అలవాటు అమెరికా తెలుగిళ్లలో ఇప్పటికీ సాగుతోంది, అక్కడ మెట్లకు పుస్తకాల అరలూ అట్టపెట్టెలూ పనికొస్తాయి.

పనివాళ్ల వైపు నుంచి చూస్తే ఈ మార్పు బతుకుతెరువు. ప్రస్తుత సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు కులపురాణాలు చెప్పేవారి కోసం గజాల కొద్దీ పొడవైన పటాలు గీసేవారు. చింతగింజల జిగురు, సుద్ద పూసిన బట్ట మీద ఎర్రటి నేల, దాని మీద కథ. కథ చెప్పేవారు తగ్గిపోయాక అదే కథను ముక్కలు చేసి ఫ్రేములో పట్టే బొమ్మలుగా, గోడకు తగిలించే మొహాలుగా మార్చుకున్నారు. పటంలో ఒక బొమ్మ పక్కదానికి జవాబు చెప్పేది, ఫ్రేములో అది ఒంటరిది. శ్రీకాళహస్తి కలంకారీకి కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి పూనికతో 1950లలో శిక్షణ మొదలై, గుడి తెర సోఫా వెనక గోడకు వచ్చింది. ప్రభుత్వ దుకాణం లేపాక్షి, రాష్ట్రం వేరయ్యాక తెలంగాణలో గోల్కొండ, ఈ వస్తువులను పట్టణపు ముందు గదికి చేర్చాయి.

అపార్ట్‌మెంట్లతో పిల్లలకు సొంత గది వచ్చింది. దాంతో మనిషిని బట్టి గది అన్న మాట మామూలు ఇంటికి చేరింది. అబ్బాయి గోడకు క్రికెట్టు ఆటగాడు, అమ్మాయి గదికి సీతాకోకచిలుకలు, అమ్మానాన్నల గదికి చెక్క పలకలు, హాలుకు జిప్సం సీలింగు. థీమ్ అన్న మాట ఇంటీరియరు డిజైనరు నోటి నుంచి మేస్త్రీ నోటికి, అక్కడి నుంచి ఇంటి యజమాని నోటికి వచ్చింది. అన్ని గదుల్లోనూ మార్పుకు లొంగనిది దేవుడి గదే. పడకగదికి ఏ దేశపు పోకడైనా తెచ్చుకునేవారు సైతం దేవుడి గదికి చెక్క గంటల తలుపు, పసుపు పూసిన గడప అడుగుతారు. లోపలి గుమ్మాలకు గడపలు ఎత్తేసిన ఫ్లాట్లలో కూడా వీధి తలుపుకూ దేవుడి గదికీ గడప ఉంటుంది. రోజూ పసుపు రాసే తీరిక లేనివారు పసుపుపచ్చ ఎనామెల్ వేయించి తెల్ల, ఎర్ర చుక్కలు పెట్టిస్తారు, లేదా అచ్చు స్టిక్కరు అంటిస్తారు.

ఇక పల్లె థీమ్. వారసులు పట్నాలకు పోయి పాడుబడిన మండువా లోగిళ్లను కూల్చినప్పుడు స్తంభాలు, ద్వారబంధాలు, తలుపులు పాత కలప వ్యాపారుల దగ్గరికి చేరుతున్నాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్ర లాంటి చోట ఉత్తరాంధ్ర చుట్టిల్లు, ఇక్కత్ నేతగాడి ఇల్లు యథాతథంగా నిలబెట్టారు. మిగతావి ముక్కలుగా ఫామ్‌హౌసులకూ హోటళ్లకూ వెళ్తాయి. చిలక కొయ్య హాలు గోడకు దిగుతుంది, దానికి ఎవరూ చొక్కా తగిలించరు. వడ్ల గాదె తలుపు టీపాయి అవుతుంది. స్తంభం పది అడుగుల శ్లాబు కింద పట్టకపోతే అడుగున కోసేస్తారు, మిగిలిన ముక్కతో పీట చేయించుకుంటారు.